కూలర్ ఎదుట జాడీ

మొన్న మధ్యాహ్నం తెలీబంధా చెరువు పక్కనుంచి వస్తూ స్కూటీ ఆపేశాను. నేను ఆపలేదు, ముక్కు ఆపింది. రోడ్డు వారగా చిన్న కొట్టు. కొట్టు ముందు నీళ్ళ టబ్బులో, కూలర్లకి బిగించే వట్టివేళ్ళ చాపలు నానుతున్నాయి. కొట్టతను ఒకదాన్ని పైకి తీసి గోడకి ఆనించాడు, దాన్నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. మట్టికీ గడ్డికీ వానకీ మధ్య ఎక్కడో పుట్టే ఆ వాసన నన్ను అమాంతం ఎత్తుకుపోయి, డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా పాత క్వార్టరు గచ్చు మీద వెల్లకిలా పడేసింది.

"కిత్నా బడా కూలర్ హై, దీదీ?" కూలర్ ఎంత పెద్దదని అడిగాడు కొట్టతను.

శంకర్ నగర్లో మా ఫ్లాట్లో కూలరే లేదు. గది గదికీ ఏసీ. ఆ సంగతి చెబితే వాసన చూడనివ్వడేమోనని, "హాథీ జిత్నా, భయ్యా" అన్నాను. ఏనుగంత.

అబద్ధం నా నోటికి అంత సులువుగా వస్తుంది, చిన్నప్పట్నుంచీ అంతే. నేను చెప్పే కథలో పిల్లి పులి కావడానికి ఎక్కువసేపు పట్టదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో కూడా ఒకటి రెండు చోట్ల నోరు జారుతుంది. సర్దుకుందురు గాని.

కానీ మా కూలర్ మాత్రం ఏనుగంత ఉండేది, నిజం.

మా ఊరు అప్పుడప్పుడే కొత్త రాష్ట్రానికి రాజధాని అయింది. పెద్ద రోడ్ల మీద ఎర్రబుగ్గ కార్లు ఎక్కువయ్యాయంటే విన్నాం తప్ప, మా కాలనీకి ఆ రాజధాని ఇంకా రాలేదు. వ్యాగన్లు బాగుచేసే రైల్వే షాపులో పనిచేసేవాళ్ళ క్వార్టర్లు మావి. వరసకి వరస ఒకేలా ఉండే ఇళ్ళు, ముందు చిన్న వరండా, వెనక జామచెట్టు. సగం ఇళ్ళలో శ్రీకాకుళం, విజయనగరం తెలుగు. మిగతా సగంలో హిందీ, ఛత్తీస్‌గఢీ. పిల్లలం అన్నీ కలిపి ముద్ద చేసి మాట్లాడేవాళ్ళం. పొద్దున షాపు భోంపూ, అంటే సైరన్, కూసేది. ఆ కూతకి మా వీధి కుక్కలన్నీ లేచి డ్యూటీకి వెళ్ళేవాళ్ళ వెనకే వరసగా గేటు దాకా నడిచేవి. వరస అన్నది నేను కలిపాను. నడవడం మాత్రం నిజం.

సాయంత్రం నాన్న, బాబాయి ఇంటికొచ్చేసరికి వాళ్ళ చొక్కాలకి గ్రీజు వాసన. చేతులకి రంపంపొట్టు, సబ్బు కలిపి రుద్దుకున్న వాసన. ఇంట్లో అప్పటికే నాయనమ్మ పెట్టిన వెల్లుల్లి పోపు. ఈ మూడూ కలిసిన వాసన మళ్ళీ ఎక్కడా దొరకలేదు నాకు.

కూలర్ వచ్చింది మా బాబాయి పెళ్ళయిన ఏడాది. పిన్ని విజయనగరం నుంచి వచ్చింది. కొత్త పెళ్ళికూతురు ఈ ఊరి ఎండకి వాడిపోతుందని బాబాయికి బెంగ. ఒకరోజు రిక్షా మీద పెద్ద రేకు పెట్టె వేసుకుని, తను పక్కన నడుస్తూ, దాన్ని చేత్తో పట్టుకుని వచ్చాడు. వీధి వీధంతా అరుగుల మీదకొచ్చి చూసింది. ముందుగది కిటికీకి దాన్ని బిగించి, నీళ్ళు పోసి, స్విచ్ నొక్కగానే లోపల తుఫాను మొదలైంది. గోడ మీది క్యాలెండర్లన్నీ ఎగిరిపోయాయి. పటాల్లో దేవుళ్ళు చలికి దగ్గరదగ్గరగా జరిగారు.

"ఓలమ్మో, ఇదేటి పెట్టెరా నాయనా, తుఫాను తెచ్చీసినావు!" అంది నాయనమ్మ. పై వారానికి ఆవిడ నులకమంచం సరిగ్గా కూలర్ ఎదురుగా ఉంది. బెంగపడి తెచ్చుకున్నది పెళ్ళాం కోసమైతే, గాలి దక్కింది తల్లికి.

నాయనమ్మకి ఆవకాయ అంటే ప్రాణం. మండు వేసవిలో వంటిల్లు కొలిమిలా ఉండేది. జాడీ అప్పటిదాకా ఆ వంటింటి మూలే ఉండేది. కూలర్ వచ్చాక ఆవిడ జాడీని తెచ్చి, తన మంచం పక్కనే, గాలి తిన్నగా తగిలేటట్టు ముక్కాలిపీట మీద పెట్టించింది.

"ఆవకాయికి మాత్రం ఉక్కపొయ్యదేటి? మనకి సల్లగుంటే దానికీ సల్లగుండాల" అంది. ఆ మాటకి అందరం నవ్వాం. అందులో తప్పేముందో ఎవరికీ తోచలేదు.

ఆ ఏడు ఆవకాయ బూజు పట్టింది.

మా ఇంట్లో అలాంటిది ఎప్పుడూ జరగలేదు. నాయనమ్మ ఆవకాయ పెట్టే రోజు ఇంట్లో చెంబు కూడా కదలడానికి వీల్లేదు. ముక్క తుడిచే గుడ్డ ఎండలో కరకరలాడాలి. గరిటె ఎండాలి. జాడీ ఎండాలి. పిల్లలం చేతులు చాపితే తడి ఉందేమోనని తన చీర కొంగుతో రుద్ది చూసేది. బజార్లో కాయలమ్మే ఆవిడ "బడ్ ఖట్టా హే, దాయీ" అని ఎంత పులుపో చెబుతూ కాయ మీద నీళ్ళు చిలకరించిందని, బేరం సగంలో లేచి వచ్చేసిన మనిషి. అంత జాగ్రత్త పడినా, జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పేసరికి లోపల తెల్లగా దూది పరిచినట్టుంది.

ఆ ఏడు ఆవకాయ కలిపింది పిన్ని.

పిన్ని అరిచేతుల్లో చెమట పట్టేది. ఎప్పుడూ. గాజులు వేసుకోవాలన్నా, పూలు కట్టాలన్నా, ముందు చేతులు పమిటకి తుడుచుకునేది. నాయనమ్మ ఆ బూజు వైపు చూసి, పిన్ని చేతుల వైపు చూసి, ఏమీ అనలేదు. రెండో ఏడు పిన్నిని కలపనివ్వలేదు. జాడీ తుడవమంది అంతే. ఆ ఏడూ బూజు పట్టింది. అప్పుడు నోరు విప్పింది.

"సెయ్యి మంచిది కాదే. తుడిస్తే సాలు, దిగిపోనాది సెమట."

బాబాయి "ఊరుకో అమ్మా" అన్నాడు. అది అంతటితో పోవలసిన మాట. పోలేదు. కాలనీలో ఆడవాళ్ళకి మధ్యాహ్నాలు ఎక్కువ, పనులు తక్కువ. పిన్ని చేత్తో పెట్టిన పూలమొక్క ఎండిపోయిందట. పిన్ని ఎత్తుకున్న పసివాడికి ఆ రోజే జ్వరం వచ్చిందట. పెళ్ళయి రెండేళ్ళయినా ఇంకా కడుపు పండలేదన్న సంగతి ఆ జాబితా చివర ఎవరూ పైకి అనకుండా ఉండేది. పిన్ని వినీ విననట్టు ఊరుకునేది.

మూడో ఏడు మా అత్తకి సంబంధం కుదిరింది. నాన్నకీ బాబాయికీ ఒక్కతే చెల్లెలు. శ్రావణంలో పెళ్ళి. మా వైపు పెళ్ళి పనులు పసుపు దంచడంతో మొదలవుతాయి. రోలు కడిగి, రోకలికి పసుపు రాసి, మామిడాకు కట్టి, ఇంటి ముత్తయిదువలంతా తలా ఒక పోటు వేస్తారు. మొదటి పోటు ఇంటి కోడళ్ళది. అమ్మ పెద్ద కోడలు, పిన్ని చిన్న కోడలు.

"పసుపు కాడికి దాన్ని రానీను. ఆ సెయ్యి రోకలికి తగల్నీను. ఆడపిల్ల పెళ్ళి. నాను సెప్పినానంటే సెప్పినానంతే" అంది నాయనమ్మ, వరండాలో కూచుని చేటలో బియ్యం చెరుగుతూ. లోపల గది గుమ్మంలో పిన్ని నిలబడి ఉంది. చేతులు పమిటకి తుడుచుకుంది. ఆ వేళ అక్కడ తుడుచుకోవాల్సిన పనే లేదు.

నేనప్పుడు హైస్కూలు గడప తొక్కబోతున్న పిల్లని. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం పూట మా ఇల్లొక చల్లటి చెరువు. కిటికీకి దుప్పటి, గచ్చు మీద నీళ్ళు, కూలర్ గాలిలో వట్టివేళ్ళ వాసన. నాయనమ్మ గురక, దాని కింద కూలర్ గురక. ఏది ఎవరిదో తెలిసేది కాదు. నేనూ పిన్నీ గచ్చు మీద పక్కపక్కన పడుకుని గుసగుసలు చెప్పుకునేవాళ్ళం.

ఆవకాయ బూజు గురించి నా దగ్గర చాలా సంగతులుండేవి.

"పిన్నీ, యార్డులో చచ్చిపోయిన పాతకాలం గార్డు ఒకడున్నాడంట. వాడి దెయ్యం కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆవకాయ నూనె నాకుతుందంట. అందుకే బూజు."

పిన్ని నవ్వలేదు, కసరలేదు. ఆవిడకి ఒక అలవాటుండేది. ఎవరేం చెప్పినా ఒకే మాట అడిగేది.

"సరే, అదే నిజమనుకో. అప్పుడు ఇంకేటి కనబడాల?"

"ఇంకేటంటే?"

"దెయ్యం నూనె నాకితే జాడీలో నూనె తగ్గాల కదా. తగ్గిందేటి?"

ఆలోచించాను. "లేదు."

"అయితే ఆ దెయ్యాన్ని ఒగ్గీ. వేరేది సెప్పు."

"భోంపూ! అది కూసినప్పుడల్లా జాడీ గడగడ వణుకుతుంది. లోపల ముక్కలు కదిలిపోయి..."

"నాను ఈ ఇంటికి రాకముందూ కూసేది కదే అది. అప్పుడు బూజు పట్టిందా?"

"లేదు."

"ఒగ్గీ."

అలా ఒక్కొక్క దెయ్యాన్నీ, కోతినీ, దిష్టినీ తీసి పక్కన పెట్టేసేది. నాకు మొదట్లో ఉక్రోషం వచ్చేది. తర్వాత అదే ఆటయింది. పిన్ని ప్రశ్నకి నిలబడే అబద్ధం చెప్పాలని రాత్రి పడుకుని కూడా కట్టుకునేదాన్ని. ఒక్కటీ నిలబడలేదు.

ఒక మధ్యాహ్నం పిన్నే అడిగింది. "నాను వచ్చిన ఏడు ఈ ఇంట్లో ఇంకేటి కొత్తగా వచ్చింది?"

"నువ్వొచ్చావు."

"నా సంగతి అందరూ సెప్తన్నారు గదా. ఇంకేటి?"

నేను కప్పు వైపు చూశాను. కొత్త కర్టెన్లు. బాబాయి కొత్త సైకిల్. పిన్ని తెచ్చిన స్టీలు సామాను. చెబుతూ చెబుతూ, చల్లగా ఉంటుందని, అలవాటుగా పక్కకి దొర్లి ఖాళీ జాడీకి చెంప ఆనించాను. ఆ ఏడు ఇంకా ఆవకాయ పెట్టలేదు, జాడీ ముక్కాలిపీట మీదే ఉంది.

"ఇది ఎప్పుడూ ఇంతే పిన్నీ. నీ చేతుల్లాగే. చెమట పట్టినట్టుంటుంది."

పిన్ని లేచి కూచుంది. చెయ్యి చాపి జాడీని తాకలేదు. రెండోసారి బూజు పట్టినప్పట్నుంచీ తాకకూడదని నాయనమ్మ ఆంక్ష కదా. నా చెంప తాకి చూసింది. తడిగా ఉంది. తర్వాత జాడీకి కట్టే వాసెన గుడ్డ, పీట కాలికి వేలాడుతున్నది, నన్ను తీసి ఇమ్మంది. అదీ చెమ్మగా ఉంది. పిన్ని కూలర్ వైపు చూసింది. కూలర్ మా మొహాల మీద సన్నటి తుంపర ఊదుతూనే ఉంది. మేం దాన్ని గాలి అనుకుంటున్నాం.

సాయంత్రం పిన్ని మాట ఎత్తగానే నాయనమ్మ మండిపడింది.

"సల్లదనానికి ఏదైనా పాడవుద్దేటే? అన్నం ఎండాకాలంలో పులుస్తాదా, సలికాలంలో పులుస్తాదా?"

"సల్లదనం గురించి కాదత్తా, తడి గురించి సెప్తన్నాను."

"గాల్లో తడేటి? గాలి గాలే! నీ సెయ్యి తప్పించుకోడానికి నా కూలర్ మీద ఏడుస్తావేటి?"

నాకు నోరాగలేదు. "జాడీని మళ్ళీ వంటింట్లో పెట్టి చూద్దాం నాయనమ్మా. బస్, అంతే, తెలిసిపోతుంది!"

పిన్ని తల అడ్డంగా ఊపింది. "సాలదే. వంటింట్లో పెట్టి, నన్ను ముట్టనివ్వకుండా సేస్తే, అది బాగున్నాదనుకో. మీ నాయనమ్మ ఏటంటాది? నాను ముట్టలేదు కాబట్టి బాగున్నాది అంటాది. సెయ్యి వేరు, సోటు వేరు సెయ్యాల. అప్పుడే తెలుస్తాది."

నాయనమ్మ చెరుగుతున్న చేట కింద పెట్టింది. నిజం చెప్పాలంటే, ఆవిడకి పంతం ఇష్టం. పిన్ని చెప్పింది వింటూ వింటూ ఆవిడ కళ్ళు మెరవడం నేను చూశాను.

కాయలన్నీ ఒకే బుట్టవి. కారం, ఆవపిండి, ఉప్పు, పప్పునూనె అన్నీ ఒక్కచోటే కొలిచినవి. రెండు సగాలు చేసి, ఒక సగం నాయనమ్మ చేత్తో కలపాలి, ఒక సగం పిన్ని చేత్తో. మాగాయకి వాడే చిన్న జాడీలు తీసి, నాయనమ్మ కలిపింది రెండు జాడీల్లో పెట్టి ఎర్ర దారం కట్టాలి. పిన్ని కలిపింది రెండు జాడీల్లో పెట్టి పసుపు దారం కట్టాలి. ఎర్రదొకటి, పసుపుదొకటి కూలర్ ఎదుట. ఎర్రదొకటి, పసుపుదొకటి కూలర్ లేని ఇంట్లో.

కూలర్ లేని ఇల్లు మా ఎదురు వరసలో నర్సాంటీది. కాకినాడ వైపు మనిషి. ఆస్పత్రిలో నర్సు, ఆదివారం పొద్దున్నే తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళేది. క్రిస్మస్‌కి ఆవిడ పంపే అరిసెల రుచి ఇప్పటికీ నా నాలుక చివర ఉంది.

"పెట్టండి పెద్దమ్మగారూ, దానికేం భాగ్యం" అందావిడ నాయనమ్మతో. "నాకు కూలర్ పడదండీ, తుమ్ములొచ్చేస్తాయి. మా గోడ అలమరలో పెట్టి తాళం వేసేస్తాను. తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. రేపు ఎవరూ ఏం అనుకోకూడదు చూడండి."

నాయనమ్మ తాళంచెవి బొడ్లో దోపుకుంది. పిన్ని వైపు తిరిగింది.

"నీ సెయ్యిది ఆళ్ళింట్లో కూడా పాడైనాదనుకో. అప్పుడేటి?"

"పసుపు కాడికి రాను అత్తా. పెళ్ళయిందాకా మా అమ్మగారింటికాడ ఉంటాను" అంది పిన్ని. నెమ్మదిగానే అంది. బాబాయి పెరట్లో సైకిల్ తుడుస్తున్నవాడు తుడవడం ఆపేశాడు.

కలిపిన రోజు పిన్ని చేతులు ఎండలో చాపుకుని నిలబడటం గుర్తుంది. ఎంత ఎండకి పెట్టినా అరిచేతుల మధ్య చిన్న చెమ్మ మెరుస్తూనే ఉంది. నాయనమ్మ చూసింది. పొడి గుడ్డ ఇచ్చి, "తుడుసుకో. అన్యాయం సెయ్యకూడదు" అంది. మూడో రోజు ఇద్దరూ ఎవరిది వాళ్ళు తిరగకలిపారు. వాసెన కట్టారు. పసుపు దంచే రోజు దాకా ఎవరూ విప్పకూడదన్నారు. పెద్ద జాడీ ఆ ఏడు వంటింట్లో బోర్లా పడుకుంది. ఆవకాయ లేని వేసవి ఎలా గడిచిందో అడగకండి. పప్పు అన్నం ముందు కూచుని మా నాన్న సానుభూతి కోసం చుట్టూ చూసేవాడు.

వేసవి అలా సాగింది. భోంపూ, ఎండ, వట్టివేళ్ళు, గురకలు. నాయనమ్మ ఏదో వంకతో రోజూ నర్సాంటీ ఇంటికి వెళ్ళేది. ఒక రోజు చిటికెడు ఇంగువ, ఒక రోజు ఊరికే మంచినీళ్ళు. అలమర దగ్గర నిలబడి తలుపు సందులో ముక్కు పెట్టి వాసన చూసేది. తాళంచెవి బొడ్లో ఉన్నా ఒక్కసారి కూడా తియ్యలేదని నర్సాంటీ పిన్నితో చెప్పింది. "మీ అత్తగారు గట్టి మనిషేనండీ, కానీ దొంగ మనిషి కాదు."

దొంగ మనిషి ఇంట్లో వేరే ఉంది.

ఒక మధ్యాహ్నం నాకు పిన్ని వెళ్ళిపోయినట్టు కల వచ్చింది. రైలు పెట్టె కిటికీలో పిన్ని, ఆవిడ చేతుల్లోంచి నీళ్ళు ధారగా కారి ప్లాట్‌ఫాం తడిసిపోతోంది. లేచి ఆవిడ చెవిలో అన్నాను:

"పిన్నీ, నాయనమ్మ ఎర్రదారం జాడీలో ఒక్క చెంచా నీళ్ళు పోసేస్తాను. చెప్పు, పోసేస్తాను. అదీ పాడవుతుంది. అప్పుడు నీ ఒక్కదాని చెయ్యే అని ఎవరూ అనలేరు. ఖతమ్!"

పిన్ని కళ్ళు తెరిచి నా వైపు తిరిగింది. కూలర్ గాలికి ఆవిడ నుదుటి మీద వెంట్రుకలు ఎగురుతున్నాయి.

"నువ్వు నీళ్ళు పోస్తే నాను గెలుస్తాను" అంది. "మరి నా సెయ్యి మంచిదో కాదో నాకెలా తెలుస్తాదే?"

అప్పటిదాకా నేను అనుకున్నది, పిన్నికి తెలుసని. తను గెలుస్తుందని తెలుసు కాబట్టే అంత నెమ్మదిగా ఉందని. ఆవిడ తన కుడి అరిచెయ్యి మొహం మీదికి ఎత్తి పట్టుకుని, దుప్పటి సందులోంచి పడుతున్న వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. అద్దంలో ఇంకొకరి మొహం చూసినట్టు చూసుకుంది. ఏడాదిగా అందరూ అంటున్న మాట ఆవిడ లోపలికి కూడా వెళ్ళి కూచుందని, ఆ చెయ్యంటే ఆవిడకే భయంగా ఉందని నాకప్పుడు అర్థమైంది. నేను ఆ చెయ్యి పట్టుకుని నా బుగ్గ కింద పెట్టుకుని పడుకున్నాను. చల్లగా ఉంది. చాలా బాగుంది.

వానలొచ్చాయి. కూలర్ ఆపి గోనెపట్టా కప్పారు. ఆషాఢం వెళ్ళింది.

పసుపు దంచే రోజు పొద్దున్నే వరండా నిండా ఆడవాళ్ళు. రోలు కడిగి ముగ్గు పెట్టారు. చేటలో పసుపు కొమ్ములు, పచ్చి పసుపు వాసన, తడి మట్టి వాసన. అత్త కొత్త చీరలో, కాళ్ళకి పారాణితో, ఎవరివైపు చూడాలో తెలియక నేల చూపులు చూస్తోంది. పిన్ని ఎప్పటిలాగే లోపలి గుమ్మంలో ఉంది. ఆవిడ వెనక మంచం కింద ఒక చిన్న సంచీ సర్ది ఉండటం నేను చూశాను.

నాయనమ్మ బొడ్లోంచి తాళంచెవి తీసింది. నర్సాంటీ వెళ్ళి రెండు జాడీలూ తెచ్చింది. నాలుగింటినీ పీట మీద పెట్టారు.

ముందు మా ఇంటి ఎర్రదారం విప్పింది నాయనమ్మ. తన చేత్తో కలిపింది. లోపల తెల్లటి బూజు. ఆవిడ మొహంలో ఏమీ కదల్లేదు. మా ఇంటి పసుపుదారం విప్పింది. అదే బూజు, అంతే తెలుపు.

"అరే, దోనో! రెండూ!" అన్నాను. అమ్మ నా నోరు మూసింది.

నర్సాంటీ ఇంటి ఎర్రదారం. పైన వేలెడు నూనె తేరి, ఎర్రగా, నిగనిగలాడుతోంది. ఎవరో "హమ్మయ్య" అన్నారు. ఎవరి తరఫున అన్నారో తెలియదు.

ఇక ఒకటే మిగిలింది.

"నువ్వే ఇప్పు" అంది నాయనమ్మ.

పిన్ని వచ్చి కూచుంది. ముడి రావడం లేదు. వేళ్ళు జారుతున్నాయి. పమిటకి తుడుచుకుంది, మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారాయి. చూసి చూసి నాయనమ్మ జాడీ లాక్కుని పంటితో ముడి విప్పేసింది.

వాసన ముందొచ్చింది. ఆవఘాటు, వెల్లుల్లి, కొత్త నూనె. ఆ ఘుమఘుమకి షాపు భోంపూ ముందుగానే కూసేసి, జనమంతా పనులు ఒగ్గేసి అన్నాలకి వచ్చేశారని నేను తర్వాత చాలామందికి చెప్పాను. అలా ఏమీ జరగలేదు. నాయనమ్మ లోపల్నుంచి వేడన్నం ఒక ముద్ద తెప్పించి, పిన్ని చేతి ఆవకాయ కలుపుకుని, నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నెమ్మదిగా నమిలింది. అందరం ఆవిడ దవడ వైపే చూస్తున్నాం.

"ఉప్పు తగ్గినాది" అంది.

ఉప్పు కొలిచింది ఆవిడే. ఆవిడ లేచి వెళ్ళి, గోనెపట్టా కప్పుకుని బుద్ధిమంతురాలిలా కూచున్న కూలర్ ముందు నిలబడింది.

"దీని సెయ్యి మంచిది కాదు" అంది.

నర్సాంటీ నవ్వు ఆపుకోలేక చెంగు నోట్లో కుక్కుకుంది. బాబాయి "అయితే తీసి మా గదికి బిగించేద్దామా అమ్మా?" అన్నాడు ఆశగా. "కూలర్ ఉంటాది. జాడీ పోతాది వంటింట్లోకి" అంది నాయనమ్మ.

తర్వాత పిన్ని దగ్గరికొచ్చింది. ఆవిడ కుడిచెయ్యి పట్టుకుని, వెల్లకిలా తిప్పి, తన చీర కొంగుతో అరిచెయ్యి మధ్య గట్టిగా తుడిచింది. తీసుకెళ్ళి రోకలి మీద పెట్టింది. అమ్మ కన్నా ముందు.

"సెమట సెయ్యి" అంది. "రోకలి జారుద్ది. గట్టిగా పట్టుకో."

క్షమించమనలేదు, తప్పయిందనలేదు. అంతే అంది. పిన్ని పట్టుకుంది. మొదటి పోటు పడగానే రోట్లోంచి పసుపు పొగలా లేచి వరండా అంతా నిండింది. ఆ పసుపు మబ్బులో పిన్ని మొహం కనబడలేదు. నవ్విందో ఏడ్చిందో నాకు తెలీదు. ఇన్నేళ్ళుగా ఈ కథ చెబుతూ ఒకసారి నవ్విందని, ఒకసారి ఏడ్చిందని, వినేవాళ్ళని బట్టి చెబుతుంటాను. ఆ తర్వాత పిన్ని తన అరిచెయ్యి వైపు అలా చూసుకోవడం మాత్రం నేను మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు నాయనమ్మ లేదు. ఆ ఏనుగంత కూలర్ తుప్పు పట్టి పాతసామాన్లవాడి బండెక్కింది. మా వరస క్వార్టర్లు ఖాళీ అయి, మొన్న అటు వెళ్ళినప్పుడు చూస్తే కిటికీల్లో రావి మొలకలు. బాబాయి రిటైరయ్యాక పిన్నీ ఆయనా విజయనగరంలో ఇల్లు కట్టుకున్నారు. పిన్ని కూతురు, ఆలస్యంగా పుట్టినది, అమ్మ లాగే అరిచేతులు తుడుచుకుంటూ పెరిగింది. ఎవరూ ఏమీ అనలేదు.

కొట్టతని దగ్గర ఒక చాప కొన్నాను. ఏసీ ఇంట్లో దాంతో ఏం చెయ్యాలో తెలీక బాల్కనీ గ్రిల్లుకి వేలాడదీసి, బకెట్టుతో నీళ్ళు పోసి, పిన్నికి ఫోన్ చేశాను.

"పిన్నీ, ఏం జరిగిందో తెలుసా? కొట్టతనికి మన కూలర్ కథ చెప్పాను. విని విని వెక్కి వెక్కి ఏడ్చి, చాప ఊరికే ఇచ్చేశాడు."

అటువైపు నుంచి ఆ పాత గొంతు.

"సరే, అదే నిజమనుకో. అప్పుడు ఇంకేటి కనబడాల?"

"నా పర్సు తేలికవకూడదు."

"అయిందేటి?"

"అయింది."

పిన్ని నవ్వింది. నేను ఫోన్ చాప దగ్గర పెట్టి బొట్లు పడే చప్పుడు వినిపించాను. గాలి వచ్చింది. ఆ వాసన గదిలోకి వచ్చి, సోఫా మీద, పుస్తకాల మీద, నా మొహం మీద నెమ్మదిగా వాలింది. మళ్ళీ ఇద్దరం గచ్చు మీద పక్కపక్కన పడుకున్నట్టుంది.

"ఆవకాయ జాడీ ఎక్కడున్నాదే?" అంది పిన్ని ఉన్నట్టుండి.

"వంటింట్లో. అలమరలో."

"అయితే సాప తడుపుకో" అంది.